మొదటి శ్రీమతి కార్ల్ లిండాల్ సమాధి నంబరు

ఆల్డర్ ఫోర్క్,
అక్టోబరు నెల, రెండవ శుక్రవారం.

మూతపడిన కాస్వెల్ మానసిక చికిత్సాలయపు ఆస్తులు, రికార్డుల కార్యాలయ డైరెక్టరు గారి సముఖమునకు:

అయ్యా,

విషయం: చికిత్సాలయం వెనుక పొలంలో 1951లో పూడ్చబడిన ఓపల్ లిండాల్ గారి సమాధి నంబరును ఆమె కన్నకూతురికి తెలుపుట, సదరు పొలంపై కంకర పోయుటను నిలుపుట గురించి.

ఇళ్ళు వెచ్చబెట్టే బాయిలర్లు బాగుచేసి జీవించు క్లింట్ ప్రుయెట్ అను నేను తమకు చేసుకొను మనవి ఏమనగా:

నేను కళాశాల గడప తొక్కినవాడిని కాను. అయినను మా కౌంటీ నుండి కాస్వెల్‌కు పంపబడిన స్త్రీల చరిత్రను కొన్నేళ్ళుగా తీరిక వేళల్లో సేకరించుచున్నాను. పాత వార్తాపత్రికలు, కోర్టు కాగితాలు, చర్చిలలోని బాప్తిస్మపు పుస్తకాలు నా ఆధారములు. వారిని పంపుటకు చూపిన కారణములను వరుసగా రాసి ఉంచాను. బిడ్డ పోయిన దుఃఖం ఏడాదికి కూడా తగ్గకపోవుట. ప్రసంగం మధ్యలో లేచి పాస్టరును ప్రశ్న అడుగుట. వంట చేయనని చెప్పుట. భర్త పొరుగూరు వెళ్ళినప్పుడు ఇంటికి పసుపు రంగు వేయించుట. ఈ చివరిది చదివిన రోజున నాకు అన్నపానాలు సహించలేదు.

మా ఎదురింటి ఆర్డిస్ హౌగెన్ గారికి ఎనభై ఆరేళ్ళు. వారికి నాలుగేళ్ళ వయసున తల్లి ఓపల్‌ను తండ్రి కార్ల్ లిండాల్ కాస్వెల్‌లో చేర్పించి వచ్చాడు. ఎనిమిదేళ్ళ తరువాత ఆమె అక్కడే చనిపోయిందని, వెనుక పొలంలో పూడ్చారని మేనత్త చెప్పినది. ఆ పొలంలో పేర్లు లేవు. నేలలో పాతిన సిమెంటు దిమ్మెలు, వాటిపై నంబర్లు మాత్రమే ఉన్నవి. ఏ నంబరు ఎవరిదో తమ కార్యాలయమునకు మాత్రమే తెలియును. ఆ ఒక్క నంబరు కోసం మేము తిరిగిన తిరుగుడు ఇది:

1. తమ కార్యాలయపు కిటికీ వద్ద ఉండు ట్రేసీ అను ఉద్యోగిని మొదటి రోజే ఒక కాగితం మా ముందుకు తోసినది. అప్పుడు నడిచిన సంభాషణను ఉన్నది ఉన్నట్లు రాయుచున్నాను.

"ఇక్కడ పేషెంటు సంతకం కావాలండీ."

"ఆవిడ పోయి డెబ్భై ఏళ్ళు దాటిందమ్మా" అన్నాను.

"అయ్యో. అయితే డెత్ సర్టిఫికెట్ జతచేయండి, సరిపోతుంది."

"అది మీ దగ్గరే ఉంది. చనిపోయింది మీ దగ్గరే కదా."

"మా దగ్గరున్నది గోప్యం సార్. పేషెంటు సంతకం లేకుండా బయటికి ఇవ్వకూడదు."

ఆర్డిస్ గారు నా మోచేయి గిల్లి, "పద నాయనా, వెళ్ళి మా అమ్మని లేపి తీసుకొద్దాం. అప్పుడు నంబరుతో పనే ఉండదు" అన్నారు. ట్రేసీ నవ్వినది. నేను నవ్వలేదు.

2. పిమ్మట తమ కార్యాలయము ఆర్డిస్ గారికి ఒక ఉత్తరం పంపినది. అందలి సారాంశం: "మా రిజిస్టరులో ఓపల్ అను పేరు లేదు. శ్రీమతి కార్ల్ లిండాల్ అను పేరు కలదు. విచారించగా శ్రీమతి కార్ల్ లిండాల్ 1979లో స్వగృహమున మరణించి, లూథరన్ చర్చి శ్మశానంలో భర్త ప్రక్కన ఖననమైనట్లు పత్రికా ప్రకటన వలన తెలిసినది. తమకు మనశ్శాంతి కలుగుగాక."

అయ్యా, ఈ దేశంలో స్త్రీల చరిత్ర వెతుకు ప్రతివాడికి తగిలే రాయి ఇదే. పెళ్ళైన మరునాటి నుండి ఆమె మొగుడి పేరుతోనే చలామణి అవుతుంది. పత్రికలో అదే పేరు, చర్చి విందు జాబితాలో అదే పేరు, పిచ్చాసుపత్రి పుస్తకంలోనూ అదే పేరు. కార్ల్ లిండాల్ మొదటి భార్యను కాస్వెల్‌కు పంపి, విడాకులు తీసుకొని, గ్లాడిస్ అను ఆమెను పెళ్ళాడెను. పేరు ఖాళీ అయినది, గ్లాడిస్ అందులోకి వచ్చి చేరినది. తమ కార్యాలయము కనిపెట్టినది ఆ గ్లాడిస్‌ను.

ఉత్తరం పట్టుకొని మేము మళ్ళీ కిటికీ వద్దకు పోయాము.

"మీ అమ్మగారు దొరికారు కదా మామ్మగారూ! నున్నటి రాయి, పూలకుండీ, అన్నీ ఉన్నాయట" అని ట్రేసీ సంతోషించినది.

"ఆవిడ నా సవతి తల్లే పిల్లా. పెళ్ళై ఆ ఇంట్లోంచి బయటపడేదాకా నాకు మాడిన రొట్టె పెట్టింది. ఆవిడెక్కడుందో నాకు బాగా తెలుసు. ఒకటికి రెండుసార్లు వెళ్ళి చూసొచ్చాను కూడా, గట్టిగానే పూడ్చారా అని."

"మరి శ్రీమతి కార్ల్ లిండాల్ అంటే ఆవిడే కదండీ?"

"ఆవిడే. మా అమ్మా ఆవిడే. మా నాన్న మూడోదాన్ని కట్టుకునుంటే అదీ ఆవిడే అయ్యేది. బోర్డు మారదమ్మా, లోపల కొట్టే మారుతుంది."

ట్రేసీ లోపలికి పోయి ఎవరినో అడిగి వచ్చినది. మాకు దక్కిన సమాధానం: సదరు ఉత్తరంలో రోగి పేరు పొరపాటున వెల్లడి అయినందున, అది గోప్యతకు భంగము, కావున ఉత్తరమును తక్షణం వాపసు చేయవలెను. చేయలేదు. చేయను.

3. గడచిన మార్చి నెలలో, మహిళా చరిత్ర మాసమని చెప్పి, తమ కార్యాలయపు వసారాలో తమరే ఒక ప్రదర్శన ప్రారంభించితిరి. "మేము మరువని స్త్రీలు" అని గుడ్డ మీద రాయించితిరి. గులాబీ క్రీము పూసిన కేకులు పంచితిరి. గోడమీద పెద్దది చేసి తగిలించిన ఫోటోలో తెల్లని టోపీలు పెట్టుకొని టీ తాగుచున్నవారు రోగులు కారు. ఆనాటి సూపరింటెండెంటు భార్య, ఆమె స్నేహితురాళ్ళు. ఆ సంగతి ఆ రోజే తమతో మనవి చేసితిని. తమరు నా భుజం తట్టి, "ఆ కాలపు వాతావరణం తెలుస్తుంది కదా" అన్నారు. నా చేతిలోని కేకును వసారాలోని చెత్తబుట్టలో వేసి వచ్చేశాను.

4. ఇది రాయుటకే నాకు రోతగా ఉన్నది. అయినను రాయక తప్పదు.

అక్టోబరు నెలలో దయ్యాల పండుగ పేరిట తమ కార్యాలయము చికిత్సాలయ భవనమును ఒక వినోద సంస్థకు అద్దెకిచ్చుచున్నది. పొలంలో అడుగు పెట్టుటకు టిక్కెట్టు తప్ప వేరే దారి లేనందున, గత శనివారం ఆర్డిస్ గారిని పిల్లల మధ్యాహ్నపు ఆటకు తీసుకొని వెళ్ళితిని. ద్వారం వద్ద ఆపిల్ రసము, డోనట్లు ఇచ్చిరి. ఒకప్పుడు రోగుల బట్టలు ఉతికిన గదిలో డాక్టరు కోటు తొడుక్కున్న ఒక నటుడు పిల్లలను నేలమీద కూర్చోబెట్టెను. చిరిగిన గౌను, మొహానికి సున్నం, చేతుల్లో తిత్తుల అకార్డియనుతో ఒక యువతి మూలనుండి వచ్చినది.

"పిల్లలూ, ఈవిడ మొగుడికి చెప్పకుండా పెయ్యదూడని అమ్మేసింది. ఆ డబ్బుతో ఏం కొందో చెప్పండి చూద్దాం!"

"గన్ను!" అన్నాడొక పిల్లవాడు.

"కాదు కాదు, ఈ అకార్డియన్! మరి మొగుడు ఊరుకుంటాడా? చక్కగా తెచ్చి ఇక్కడ పడేశాడు. ఇప్పటికీ వాయిస్తూనే ఉంది!"

ఆ యువతి నాలుక బయటపెట్టి, కళ్ళు తిప్పుచు వాయించినది. పిల్లలు కేకలు వేసిరి. తల్లిదండ్రులు ఫోన్లు పైకెత్తిరి. ఆర్డిస్ గారు నా చొక్కా పట్టుకొన్నారు.

"క్లింట్... అది మా అమ్మరా."

పెయ్యదూడ సంగతి, అకార్డియను సంగతి ఆ ఇంట అందరికీ తెలిసినదే. కార్ల్ ఆ అకార్డియనును గొడ్డలితో నరికినప్పుడు ఆర్డిస్ గారు బల్ల కింద దాక్కొని చూశారు. తల్లిని గూర్చి వారికి మిగిలిన జ్ఞాపకం అదొక్కటే.

ఆట ముగిసిన పిమ్మట ఆ నటుడిని నిలిపి, ఈ కథ ఎక్కడిది అని అడిగితిని.

"ఆఫీసువాళ్ళే ఇచ్చారండీ. నిజం కథలైతే జనం వస్తారని మావాళ్ళు అడిగారు. పేర్లు కొట్టేసే ఇచ్చార్లెండి, గోప్యత కదా."

"ఆవిడ సమాధి నంబరు కూడా ఇచ్చారా?"

"ఎందుకివ్వరు, అదీ ఉంది. కానీ బయట చెప్పకూడదు సార్. ఆటలో మాత్రం ప్రతివారం ఓ కొత్త నంబరు చెప్తాం. లేకపోతే పిల్లలు పోయి తవ్వేస్తారు."

ఇది వినిన పిమ్మట డోనట్ తిందామా అని అడిగినది ఆర్డిస్ గారే. నన్ను ఊరడించుటకు.

అయ్యా, ఇందులో నాకు అర్థమైనది ఇది: కూతురు అడిగితే అది గోప్యము, కొనువాడు అడిగితే అది సరుకు. పేరు గీకివేసి, ఒక స్త్రీ జీవితంలోని అత్యంత అవమానకరమైన దినమును డోనట్లతో పాటు అమ్ముకొనుచున్నారు. ఇట్టి పనికి నాకు తెలిసిన మాటలలో తగిన మాట లేదు. ఉన్నవి అర్జీలో రాయదగినవి కావు.

5. సదరు ఆటకు వచ్చువారి కార్లు నిలుపునది ఆ పొలంలోనే. దిమ్మెలపై చక్రాల గుర్తులు చూసితిని. ఒకదానిపై ఎవరో పసిబిడ్డ డైపరు మడిచి పెట్టి పోయిరి. ఇప్పుడు కంచెకు తగిలించిన నోటీసు ప్రకారం, "సందర్శకుల సౌకర్యార్థం" వచ్చే వసంతంలో అక్కడ కంకర పోసి చదును చేయుదురట. కంకర పడిన పిమ్మట తమరు నంబరు దయచేసినను, దానిని వెతుకుటకు నేల ఉండదు.

కావున:

ఓపల్ లిండాల్ గారి నంబరును ఆమె కూతురికి చెప్పవలెను. కంకర పని ఆపవలెను. అకార్డియను వేషమును ఈ వారమే మాన్పించవలెను. రోగుల కథలను అద్దెదారులకు అందజేసిన వారెవరో తెలుపవలెను. మార్చిలో ఆ టీ విందు ఫోటో మళ్ళీ తగిలింపదలచినచో, దాని కింద ఆ స్త్రీలు ఎవరో నిజం రాయించవలెను.

ఇందులో మొదటిది తప్ప మిగిలినవన్నీ ఆలస్యమైనను నేను ఓర్చుకొందును. మొదటిదానికి ఆర్డిస్ గారి వద్ద అంత వ్యవధి లేదు.

పై సంగతులు గోప్యమైనవి ఏవియు కావు గనుక, మొత్తం చదివి చిత్తగించవలెను.

ఈ ఒక్క విషయంలో మాత్రం విధేయుడు కానేరని, తక్కిన అన్నిటా తమ విధేయుడు,
క్లింట్ ప్రుయెట్

తా.క.: పై అర్జీ నిన్ననే సంతకం చేసి కవరులో పెట్టితిని. ఈ ఉదయం, అనగా శనివారం, ఆర్డిస్ గారు మడత కుర్చీతో నా బండి వద్దకు వచ్చి, కాస్వెల్‌కు పోనివ్వమన్నారు. ద్వారం వద్ద మళ్ళీ టిక్కెట్టు కొని, పొలం నడుమ కుర్చీ వేసుకొని కూర్చున్నారు. మధ్యాహ్నపు ఆటకు కార్లు వచ్చుట మొదలైనది. నారింజ రంగు కోటు వేసుకొని కార్లు నిలిపించు మనిషి వచ్చెను.

"ఇక్కడ కూర్చోకూడదు మామ్మగారూ, బళ్ళు రావాలి. కాస్త పక్కకి జరగండి."

"ఓ, జరుగుతాను నాయనా. మా అమ్మ ఏ చోట లేదో చూపించు, అక్కడికి జరుగుతాను."

అతడు చుట్టూ చూశాడు. తరువాత తన కాళ్ళ కిందికి చూసుకున్నాడు. పై అధికారిని అడిగి వస్తానని వెళ్ళి, ఇంతవరకు తిరిగి రాలేదు. గేటు బయట రోడ్డు పొడుగునా కార్లు నిలిచిపోయి హారన్లు కొడుతున్నాయి. ఆర్డిస్ గారు అక్కడే ఉన్నారు. నేను దుప్పటి, ఫ్లాస్కులో కాఫీ తీసుకొనుటకు ఇంటికి వచ్చి, ఈ నాలుగు ముక్కలు రాసి, మళ్ళీ బయలుదేరుతున్నాను. దారిలో ఈ కవరును తమ కార్యాలయపు తలుపు సందులో వేసి పోతాను.

జవాబు మా ఇంటికి పంపవద్దు. పొలానికి పంపండి.