తట్టి చూసిన రెక్క

బావా,

ఈ వయసులో గంతులేస్తున్నాను! నీ మేనకోడలు షెడ్డులో కట్టుకున్న విమానం ఆదివారం ఎగురుతుంది. "చిన్నరెక్క ముందుకొచ్చిందేమిటే, తిరగేసి కట్టావా?" అని నవ్వావే, అదే!

థర్మోకోల్ లాంటి నురుగు దిమ్మను రెక్కలా కోసి, గాజుపీచుతో నేసిన గుడ్డ పరిచి, జిగురు పూసింది. గుడ్డ కింద గాలి మిగిలిందేమో తట్టి కనిపెట్టాలట. పుచ్చకాయలు తట్టి అమ్మిన చెయ్యి కదా నాది! ముందురెక్కలో ఒకచోట బోలుగా పలికింది. కోసి చూస్తే నిజమే, అరచేయంత ఖాళీ! దాన్ని పూడ్చి, నన్ను వాటేసుకుని, "నాన్నా, నువ్వు తట్టి సరే అంటేనే ఎక్కుతా" అంది.

పొద్దుటినుంచి ఇరవైసార్లు తట్టాను. అంతటా గట్టిగానే పలుకుతోంది. అయినా సరే అనడానికి నోరు రావడం లేదు. చెయ్యి ఊరుకోక ఇప్పుడీ బల్లనూ తడుతున్నాను.

ఆదివారానికి వచ్చెయ్యి బావా. ఆ ఒక్క మాటా ఇద్దరం కలిసి అందాం.

నీ బావ