అది నాచు కాదు బిడ్డా

కర్దనూర్, ఆగస్టు 5

ప్రియమైన బిడ్డ ఎల్సీకి,

హాస్టల్లో ఆదివారం తప్ప ఫోన్ ఇవ్వరు కదా, అందుకే సంగారెడ్డి నుంచి పనికి వచ్చే ముత్యమ్మ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. మా ఫ్యాక్టరీ ఆఫీసు ముందు గదిలో నిజం మొక్కలున్న చేపల తొట్టి ఉంది. ఈమధ్య దాన్ని నేనే చూసుకుంటున్నాను. ఇప్పుడు అద్దం నిండా, ఆకుల నిండా పచ్చగా పట్టేసింది. మేనేజర్, "గింత నాచు పడితే ఏం చేస్తున్నవ్ ఏసమ్మా? నెల రోజులల్ల పోకుంటే తొట్టే తీసేస్తం" అన్నాడు. ఆ చేపలు ఏమైపోతాయో! బాటనీ చదువుతున్నావు, ఏదైనా చెప్పు.

మీ అమ్మ

సంగారెడ్డి, ఆగస్టు 7

ప్రియమైన అమ్మకు,

వెలుతురూ మేతా ఎక్కువైతే నాచు వస్తుంది. రోజుకు ఆరు గంటలే లైటు వెయ్యి, మేత తగ్గించు. వారానికోసారి మూడో వంతు నీళ్లు మార్చు. అద్దం మీద పొడిలా ఉన్నదాన్ని గీకెయ్యి, దారాల్లా ఉన్నదాన్ని పాత టూత్‌బ్రష్‌కు చుట్టి లాగెయ్యి. ఏ రూపంలో ఉన్నా అది నాచే, భయపడకు.

నీ ఎల్సీ

కర్దనూర్, ఆగస్టు 21

ప్రియమైన బిడ్డా,

పొడి పోయింది, దారాలూ పోయాయి. మూలన ఇసుక మీది నీలిపచ్చ పొర మాత్రం తీసిన మూడో రోజుకే మళ్లీ వస్తోంది. అది నాచు కాదు బిడ్డా. నాచు ఆకును గట్టిగా పట్టుకుంటుంది. ఇది పాల మీగడలా ఒక్క ముక్కగా లేచి వస్తుంది, మురుగు వాసన కొడుతుంది. నీళ్లు కదలని చోటే పెరుగుతోందని మోటారు నీళ్లు వచ్చే పైపును అటు తిప్పాను. మేనేజర్‌కు చెబితే, "నాచు గాక ఇంకేంది? నీకేమెరుక?" అని నవ్వాడు. సీసాలో కొంచెం పంపుతున్నాను, చూడు.

మీ అమ్మ

సంగారెడ్డి, ఆగస్టు 23

ప్రియమైన అమ్మకు,

నువ్వే గెలిచావు! మా బాటనీ చెప్పే శ్రావ్య మేడం దాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి క్లాసులో అందరికీ చూపించారు. అది బ్యాక్టీరియా. మొక్కల్లాగే వెలుతురుతో ఆహారం చేసుకుంటూ, నాచులా కనిపించి అందరినీ మోసం చేస్తుందట.

"మైక్రోస్కోప్ లేకుండనే ఎవరు పసిగట్టిన్రు?" అని మేడం అడిగారు.

"మా అమ్మ, మేడం. ఫ్యాక్టరీల ఊడ్చి తుడిచే పని చేస్తది" అన్నాను.

అమ్మా, ఇన్నాళ్లూ ఇక్కడ నువ్వు క్లర్కువని చెప్పుకున్నాను. క్షమించు. ఆ సీసా ఇప్పుడు మా ల్యాబులో ఉంది. చీటీ నేనే రాసి అంటించాను: "గుర్తించినవారు: ఏసమ్మ, కర్దనూర్."

పొరంతా పైపుతో లాగేసి, మూడు రోజులు లైటు ఆపి నల్లగుడ్డ కప్పు. నీళ్ల మోటారు ఆపకు. తర్వాత సగం నీళ్లు మార్చు.

నీ ఎల్సీ

కర్దనూర్, సెప్టెంబరు 4

ప్రియమైన బిడ్డా,

గుడ్డ తీసి వారమైంది. పొర రాలేదు, మొక్కలు చిగురేశాయి. నిన్న కంపెనీ పెద్దలు వచ్చి తొట్టి ముందు ఆగారు. మేనేజర్ నన్ను పిలిచి, "గదేందో నువ్వే చెప్పు ఏసమ్మా" అన్నాడు. చీపురు గోడకు ఆనించి, మొదటి నుంచీ చెప్పాను. వాళ్లు వంగి ఆ మూలను చూస్తూ విన్నారు.

క్షమించడానికి ఏముంది బిడ్డా? నువ్వు అప్పుడే సైంటిస్టువైపోయావని నేనూ ముత్యమ్మకు చెప్పుకున్నాను.

ప్రభువు నీకు తోడై ఉండుగాక.

మీ అమ్మ