లప్పంలో ఇటుక పొడి

దేశ రహస్యముల శాఖ పెద్ద అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా చేతి లప్పంపై తమరు వేసిన నిషేధం ఎత్తివేయుట, తమ ఆఫీసులోని దొంగను పట్టుకొనుట గురించి.

లప్పం ముసలమ్మ అనబడు నేను, వయసు డెబ్భై ఆరు, ఇంట కోడలు, పెళ్లీడు మనవరాలు కలిగి, రేవు పక్క షెడ్డులో పడవ చెక్కల సందులు పూడ్చే లప్పం కాచి బతికినదానను. చదువు రాదు. నేను చెప్పగా లేఖరి రాయుచున్నాడు.

1. పోయిన ఏడు తమ కళ్లద్దాల అధికారి వచ్చి, సైన్యం పడవలకు కావాలని నా లప్పం తయారీ అడిగెను. చెప్పితిని. పొయ్యి పక్కనే కూర్చుని పుస్తకంలో రాసుకొనెను.

2. నెల తిరక్కుండా కాగితం వచ్చినది. ఈ విధానం ప్రభుత్వ మేధో సంపత్తియట, పరదేశం చేతిలో పడితే దేశ భద్రతకు ముప్పట. నేను కాచరాదు, ఎవరికీ నేర్పరాదు, "కుటుంబ సభ్యులతో సహా". పొయ్యికి సీలు, గుమ్మానికి కాపలా. మొన్న మనవరాలు, "నానమ్మా, గుగ్గిలం ఎంతసేపు కరగాలి?" అంటే, "ఆ ప్రశ్న అడక్కూడదమ్మాయ్" అన్నాడు కాపలావాడు. "అయితే నువ్వు చెవులు మూసుకో నాయనా" అన్నాను. దానికీ నా మీద రిపోర్టు!

3. నా చేతులు వణకుచున్నవి. ఇది చేతి మీద చెయ్యి వేసి నేర్పే పని. నేను పోతే రహస్యం భద్రమే. మట్టిలోంచి ఎవడూ ఎత్తుకుపోడు.

4. ఇక దొంగ సంగతి. పోయిన వారం ఇనుప సామాన్ల కొట్టులో కొత్త లప్పం డబ్బాలు వెలిసినవి. కోడలు ఒకటి తెచ్చింది. వేళ్ల మధ్య నలిపి చూశాను. ఇటుక పొడి!

అయ్యా, మా అత్తగారు పెట్టిన కట్టుబాటు ఒకటున్నది. అడిగిన పరాయివాడికి లేదనకూడదు, ఉన్నదంతా చెప్పకూడదు. తలకో అబద్ధం కలిపి చెప్పి, ఎవరికేది చెప్పామో గుర్తుంచుకోవాలి. పడవల మేస్త్రికి బొగ్గు పొడి అన్నాను. ఇటుక పొడి మాత్రం, ఈ జన్మలో, ఒక్క కళ్లద్దాల అధికారికే చెప్పితిని. నా లప్పంలో అది పడనే పడదు. కాపలా పెట్టవలసినది నాకా, ఆయనకా?

ఇటుక పొడి లప్పం రెండు వానలకు ఊడును. తమ పడవలకు పూసి ఉంటే నీళ్లలో దింపకండి. అందులో ఎక్కేవాళ్లు ఏ తల్లి కన్న బిడ్డలో. సీలు తీయించండి. మనవరాలికి నేర్పుతాను, అదే వచ్చి పూస్తుంది. కాగితం మీద మాత్రం పెట్టను.

ఇంత మాత్రం తమరు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
లప్పం ముసలమ్మ, ఎడమ బొటనవేలి గుర్తు

సాక్షులు: కోడలు. పడవల మేస్త్రి (బొగ్గు పొడి సంగతి ఇప్పుడే తెలిసి అలిగెను, అయినా సంతకం పెట్టెను).

మరచితిని: లేఖరి కూడా "మరి అసలు ఏం వేస్తావు పెద్దమ్మా?" అని రెండుసార్లు అడిగెను. వాడికీ ఒకటి చెప్పితిని. అదేమిటో ఇందులో రాయించను.