చీటీ పెట్టని తుర్ముస్ పొట్లాలు

అలెగ్జాండ్రియా,
గురువారం.

రబాబ్ నాన్నగారికి సలాములు.

అల్లా దయవల్ల నేనూ రబాబూ ఇక్కడ బాగున్నాం. సముద్రం మధ్యలో ఆ చమురు బావి మీద మీరూ, మీ చేతివంట తినే నలభై మందీ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను.

నా మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగారు. తగ్గలేదు, అలవాటైంది. రబాబ్ లెక్కల పరీక్ష గట్టెక్కింది. తండ్రి పోలిక రాలేదని మా అమ్మ సంతోషించింది. మీరు పంపిన ఎండు చేపలు వేయిస్తే ఆ వాసనకి పైవాటా వాళ్ళు దిగివచ్చి వంతు అడిగారు.

కొట్లో కౌంటర్ దగ్గర ఈద్ రద్దీ ఎలా ఉందనీ అడిగారు. ఊపిరాడడం లేదని పోయిన ఉత్తరంలో రాశాను. అది అబద్ధం. కౌంటరే లేదు, రెండు నెలల క్రితం తీసేశారు. ఇక కొట్లో టోకు బేరమే, చిల్లర అంతా ఫోన్లోనే అని మా యజమాని హాజ్ మిత్వల్లీ గారు తేల్చేశారు. ఆయన కొడుకు హాతిమ్ వెబ్‌సైటు పెట్టాడు. జనం బొమ్మ చూసి నొక్కుతారు, నేను గోడౌన్లో పొట్లాలు కడతాను. మీరు బెంగపడతారని దాచాను.

పద్నాలుగేళ్ళు ఆ కౌంటర్లో నేనేం చేశానో మీకు తెలుసు. ఎవరు ఎండు తుర్ముస్ గింజలు అడిగినా, నానబెట్టేది ఎవరని ముందు అడిగేదాన్ని. కొత్తగా కాపురం పెట్టిన పిల్లయితే చేయి పట్టుకుని మరీ చెప్పేదాన్ని. ఉడికించాక వారం రోజులు నీళ్ళు మార్చాలి, చేదు పూర్తిగా పోయేదాకా తినకూడదు, ఆ నీళ్ళు ఎవరికీ తాగించకూడదు అని. గింజలు అమ్ముతున్నావా, బడి నడుపుతున్నావా అని మీరు ఏడిపించేవారు. వెబ్‌సైటులో ఆ మాట చెప్పేవాళ్ళు లేరు. పైగా అక్కడ పెట్టింది నానబెట్టి ఉప్పు చల్లిన తుర్ముస్ బొమ్మ. మేం పంపేది ఎండువి, చేదుతో పాటు విషమూ ఉన్నవి.

అందుకని చీటీలు రాసి పొట్లాల్లో వేసేదాన్ని. హాతిమ్ చూశాడు.

"పిన్నీ, ఇలా రాస్తా కూచుంటే రోజుకి పది పొట్లాలు కూడా పోవు. ఈ ఊళ్ళో తుర్ముస్ నానబెట్టడం రానోళ్ళెవరు? అంత సరదాగా ఉంటే ఇంటికాడ కూచుని రాసుకో" అన్నాడు.

పని పోతుందని భయపడి మానేశాను. నా తప్పు అదే. ఈద్ వారంలో ముప్ఫై ఒక్క పొట్లాలు చీటీ లేకుండా నా చేతులతో కట్టాను.

సోమవారం ఒకావిడ మెసేజ్ పెట్టింది. షుగర్‌కి మంచిదని మా తుర్ముస్ ఉడికించిన నీళ్ళు తాగి, వాళ్ళ మామగారు ఎవరినీ గుర్తుపట్టలేక ఆసుపత్రిలో పడ్డారట. హాతిమ్ దాన్ని చెరిపేశాడు.

"నువ్వూ చూళ్ళేదు, నేనూ చూళ్ళేదు" అన్నాడు.

ఆసుపత్రికి వెళ్ళి చూసి వచ్చాను. పెద్దాయన బతికారు. మరి మిగతా ముప్ఫై ఇళ్ళ మాటేమిటి? పొట్లాల మీద చిరునామాలు అంటించేది నేనే కాబట్టి అన్నీ రాసుకుని, మూడు సాయంత్రాలుగా ఇల్లిల్లూ తిరుగుతున్నాను. కొందరు నవ్వారు. ఒకామె, మాకే నేర్పడానికొచ్చావా అని కసిరింది. ఒక కొత్త జంట మాత్రం ఉడికించినవి అప్పుడే పళ్ళెంలో పోసుకుంటున్నారు. అడక్కుండానే పళ్ళెం లాక్కుని పారబోశాను. బయటికొచ్చి గోడకానుకుని ఏడ్చాను.

ఇంతవరకు నిన్న ఇంట్లో రాశాను. ఈ ముక్కలు ముప్ఫయ్యో ఇంటి గుమ్మం ముందు, ఐదో అంతస్తు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఇక్కడ ఉండేది ఇండోనేషియా నుంచి చదువుకోవడానికి వచ్చిన ముగ్గురు ఆడపిల్లలట. ఈద్‌కి ఈ ఊరి తిండి తినాలని తెప్పించుకున్నారట. నిన్నటి నుంచీ అలికిడి లేదని పక్కింటావిడ అంటోంది. తలుపు బాదాను, పలకలేదు. ఆవిడ తాళం కోసం ఇంటి యజమాని దగ్గరికి పరిగెత్తింది. ఊరికే కూర్చోలేక రాస్తున్నాను.

హాతిమ్ నన్ను పంపేసినా, పొట్లం కట్టింది ఇదేనని పోలీసులకి చూపించినా ఇప్పుడు నాకు పట్టదు. ఆ పిల్లలు మన రబాబ్ కంటే నాలుగేళ్ళు పెద్దవాళ్ళేమో, అంతే.

కింద గేటు చప్పుడైంది. ఎవరో ఆడపిల్లలు మాట్లాడుకుంటూ మెట్లెక్కుతున్నారు. మన మాటలు కావు. వాళ్ళే.

రెండు గొంతులే వినిపిస్తున్నాయి. ఎంత చెవి పెట్టినా మూడోది వినిపించడం లేదు. కిందికి వెళ్తున్నాను.

ఇట్లు,
మీ ఇల్లాలు,
రబాబ్ అమ్మ ఇన్‌షిరాహ్