వేలిముద్ర పడని చేతులకు లైసెన్సు

లైసెన్సుల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మర్దన వృత్తి లైసెన్సు నిమిత్తం వేలిముద్ర నుండి మినహాయింపు కోరుట గురించి.

పక్షవాతం వచ్చినవారికి ఇరవై ఆరేళ్లుగా ఇళ్లకు వెళ్లి మర్దన చేయుచున్నదానను. నా మనవి ఏమనగా:

1. లైసెన్సు లేనివారు రోగులను తాకరాదని తమ కార్యాలయం ఉత్తర్వు జారీ చేసినది. అందుకు లోబడి పరీక్షకు హాజరై ఉత్తీర్ణురాలనైతిని.

2. చివరగా వేలిముద్ర వేయమన్నారు. పది వేళ్లూ ఒత్తితిని. యంత్రం ఒక్కదానినీ గుర్తించలేదు. నూనెతో రుద్ది రుద్ది వేళ్ల గీతలు అరిగిపోయినవి. దొంగతనాలకు వెళ్లినా నేను పట్టుబడనని వరుసలో వెనకనున్నాయన నవ్వారు. నేనూ నవ్వితిని. గుమాస్తా గారు మాత్రం నా చేయి వెలుతురుకు పెట్టి చూసి, "నెలరోజులు పని మానెయ్యమ్మా, గీతలు వాటంతటవే వస్తాయి" అన్నారు. మానితిని. నెల తరువాత వెళ్లినా ముద్ర పడలేదు. మరో నెల మానమన్నారు. ముద్ర పడనిదే కాగితం కదలదట.

3. నేను చూచుచున్న రోగులలో ఒకరు దర్జీ. కుడిచేయి పడిపోయినది. ఏడు నెలల మర్దన తరువాత సుద్దముక్క పట్టుకోగలిగారు. గుడ్డ మీద వంకరగా ఒక గీత గీసి, ఆ గుడ్డను ఎవరినీ కత్తిరించనివ్వలేదు. నేను మానినప్పటి నుండి ఆ చేయి మరల ముడుచుకుపోవుచున్నది. లైసెన్సు ఉన్నవారు ఊరిలో ఇద్దరే, ఇద్దరూ ఇళ్లకు రారు. ఆయన మేడమెట్లు దిగలేరు.

4. గతవారం ఆయన భార్య మా ఇంటికి వచ్చి, "నువ్వు తాకొద్దులే అక్కా, నిలబడి చెప్పు, నేను చేస్తా" అన్నది. వెళ్లి గుమ్మంలో నిలబడి, ఎక్కడ నొక్కాలో ఎక్కడ వదలాలో చెప్పితిని. ఎంత బలంగా నొక్కాలో నోటితో చెప్పుట నాకు చేతకాలేదు. ఆమె నొక్కగా ఆయన కంట నీళ్లు తిరిగినవి. ఆమె భయపడి చేయి తీసేసినది. ఆ తరువాత ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం అయ్యా.

కావున ముద్రకు బదులు సంతకమో ఫొటోనో స్వీకరించి లైసెన్సు ఇప్పించవలెను. అది వీలుకానిచో ఆ ఒక్క రోగిని తాకుటకైనా అనుమతి దయచేయవలెను. నా మొర ఇంతే, చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ముద్ర పడని దరఖాస్తుదారు

తా.క.: ఇది రాసిన మర్నాడు ఉండబట్టలేక వెళ్లి ఆ దర్జీ గారి చేయి తాకాను. కేసు పెడితే నా మీదే పెట్టండి, ఆ ఇంటివాళ్లని పిలవొద్దు. గంటన్నర మర్దన చేశాను. వేళ్లు విచ్చుకోలేదు. "ఆలస్యమైపోయిందా అమ్మా?" అని ఆయన అడిగారు. నూనె గిన్నె కడుక్కుని వచ్చేశాను. లైసెన్సు సంగతి ఎలా ఉన్నా, ఆయనకేం చెప్పమంటారో అదొక్కటీ రాయండి.