వదిన దొరికేదాకా శాంతి వద్దు

ఫరీదాబాద్ వరద శిబిరం,
స్కూల్లో ఏడో నంబరు తరగతి గది,
9 సెప్టెంబర్ 2025

సర్వమత సాంత్వన సేవా బృందం పెద్దలు రాజగోపాల్ గారికి,

నమస్కారం. నా పేరు సుభద్ర, వయసు అరవై ఆరు. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో, డిస్పాచ్ సెక్షన్‌లో ముప్ఫయ్యొక్క ఏళ్ళు పనిచేశాను కాబట్టి ఫిర్యాదు ఎలా రాయాలో నాకు తెలుసు. మీరు తెలుగువారని మీ పండిత్‌జీ చెబితే తెలుగులో రాస్తున్నాను. ఇంటికున్న ఒక్క ఫోనూ యమునలో పోయింది, అందుకని ఈ ఉత్తరం. పట్టుకొచ్చేది పండిత్‌జీయే. ఫిర్యాదు కూడా ఆయన మీదే.

అయిదు రోజుల కిందట నది మా కాలనీలోకి వచ్చింది. ఇంట్లో ఉండేది ఇద్దరం, నేనూ మా వదిన అన్నపూర్ణేశ్వరీ. మా అన్నయ్య పోయిన దగ్గర్నుంచి ఇద్దరమే. మమ్మల్ని తీసుకెళ్ళడానికి రెండు పడవలొచ్చాయి. నేనొక దాంట్లో ఎక్కాను, ఆవిడ ఇంకో దాంట్లో ఎక్కింది. నా పడవ ఒడ్డుకొచ్చింది. ఆవిడ పడవ ఇంజన్ ఆగిపోయి వరదలో కొట్టుకుపోయిందట. ఇక్కడి జాబితాలో ఆవిడ పేరు పక్కన ‘లాపతా’ అని రాసుకున్నారు. ఆచూకీ లేదని.

నేను అడిగింది ఆ ఆచూకీ. మీరు పంపింది ఈ పండిత్‌జీని, చతుర్వేదీ గారిని. ఆయన నా పక్కన కూర్చుని, కళ్ళు మూసుకుని, ఆత్మకు చావు లేదన్నారు. “ఆత్మ సంగతి తర్వాత చూద్దాం, మనిషి ఎక్కడుంది భయ్యా?” అని అడిగాను. “మాతాజీ, స్వీకార్ కర్ లీజియే” అన్నారు. ఆవిడ పోయిందని నేను ఒప్పేసుకోవాలట. ఎవరు చూశారని ఒప్పుకోవాలి?

దయచేసి ఇకమీదట నాకు శాంతి పంపించకండి.

ఇట్లు,
ఓదార్పు అక్కర్లేని
సుభద్ర

తా.క. పండిత్‌జీ మా వదిన పేరున దీపం పెట్టబోతే అగ్గిపుల్లలు తడిసి ఒక్కటీ వెలగలేదు. “చూశారా, ఆవిడ కూడా వద్దంటోంది” అన్నాను.

*

సరోజినీ నగర్, కొత్త ఢిల్లీ,
10 సెప్టెంబర్

సోదరి సుభద్ర గారికి,

మీ ఉత్తరం ఎంతో సానుభూతితో చదివాను. హిందూ పద్ధతిలో ఓదార్పు మీకు సరిపడలేదని గ్రహించాను. మా బృందం ఏ మతాన్నీ ఎవరి మీదా రుద్దదు. కనుక మీ అభీష్టం ప్రకారం హాఫిజ్ నయీమ్ సాబ్‌ను పంపుతున్నాను. వారు మసీదులో పిల్లలకు చదువు చెబుతారు, ఓపికమంతులు.

మీకు కోపం రావడం సహజం. దుఃఖానికి అయిదు మెట్లని, కోపం రెండో మెట్టని మా శిక్షణలో చెప్పారు. మీరు చక్కగా పైకి వస్తున్నారు.

భవదీయుడు,
రాజగోపాల్

తా.క. మీ ఫారంలో మతం అన్న చోట ‘హిందూ’ కొట్టేసి ‘పరిశీలనలో ఉంది’ అని రాశాను. మీకు అభ్యంతరం ఉండదనుకుంటాను.

*

ఏడో నంబరు గది,
12 సెప్టెంబర్

రాజగోపాల్ గారికి,

నా మతాన్ని మీరు పరిశీలించనక్కర్లేదు. కొట్టేసింది మళ్ళీ రాయండి.

హాఫిజ్ గారు వచ్చారు. ఆయన కూడా “సబ్ర్ కీజియే బహన్‌జీ” అనే మొదలుపెట్టారు. “చెయ్యాల్సిన పనులన్నీ చేసేశాక ఓపిక పడతాను. ఎన్ని ఆస్పత్రులు తిరిగారో చెప్పండి” అన్నాను. ఆయన గడ్డం నిమురుకున్నారు. ఆ తర్వాత, ఈ వారం రోజుల్లో ఎవరూ అడగని మాట అడిగారు. “మీ వదినగారు ఎలాంటి మనిషి?”

రెండు గంటలు చెప్పాను. మీరు మెట్లంటున్నారు కాబట్టి మా ఇంటి మెట్ల సంగతే చెప్పాను. నీళ్ళు రెండో మెట్టు దాటవని ఆవిడ, కిటికీ దాకా వస్తాయని నేను. మూటలు కట్టనివ్వలేదు. నీళ్ళు కిటికీ దాటాక డాబా మీద నిలబడి కూడా, పక్కింటివాళ్ళు గోడ కట్టబట్టే వచ్చాయి గానీ లేకపోతే వచ్చేవి కావని వాదించింది. గెలిచింది నేనే. ఒప్పుకోవడానికే మనిషి లేదు. ముప్ఫయ్యేళ్ళుగా ఆవిడకీ నాకూ ఒక్క రోజు పడలేదు. ఉప్పు దగ్గర పడలేదు, ఫ్యాను దగ్గర పడలేదు, ఇంటికున్న ఒక్క ఫోనూ ఎవరి దిండు కింద ఉండాలన్న దగ్గరా పడలేదు.

అంతా విని హాఫిజ్ గారు, “ఇలాంటి మనిషిని నది కూడా ఎక్కువ రోజులు పెట్టుకోలేదు” అన్నారు. లేచి రెండు ఆస్పత్రులకు వెళ్ళి చూసొచ్చారు. ఎక్కడా లేదు.

ఇట్లు,
ఇంకా కోపంగానే ఉన్న
సుభద్ర

తా.క. ఆయనకు టీ ఇప్పించాను. మీ పండిత్‌జీకి ఇప్పించలేదు. కారణం మతం కాదు, పని.

*

సరోజినీ నగర్,
13 సెప్టెంబర్

సోదరి సుభద్ర గారికి,

మీ ఉత్తరంతో అసలు సంగతి బయటపడింది. ముప్ఫయ్యేళ్ళు ఆవిడతో పడలేదని మీరే రాశారు. ఆవిడ ఉండగా ప్రేమగా ఉండలేకపోయానన్న అపరాధ భావన వల్లే ఆవిడ మరణాన్ని ఒప్పుకోలేకపోతున్నారు. లోపలిది బయటికి చెప్పుకుంటే భారం దిగుతుంది. ఈ పనిలో అనుభవమున్న సిస్టర్ ఫిలోమినాను పంపుతున్నాను. ఆవిడ నర్సు కూడా.

వచ్చే ఆదివారం, ఇరవై ఒకటిన, అన్నపూర్ణేశ్వరి గారి ఆత్మశాంతికి సర్వమత ప్రార్థన ఏర్పాటు చేస్తున్నాం. హాలు దొరికింది. ఆవిడ ఫోటో ఒకటి పంపగలరు.

భవదీయుడు,
రాజగోపాల్

తా.క. బ్యానర్ మీద ఆవిడ పేరు పొడుగైపోయి ‘శ్రద్ధాంజలి’కి చోటు చాల్లేదు. ‘అన్నపూర్ణ’ అని కుదించవచ్చా?

*

ఏడో నంబరు గది,
16 సెప్టెంబర్

రాజగోపాల్ గారికి,

కుదించకూడదు. పూర్తిగా కూడా రాయకూడదు. ఆ సభే జరిగితే నేను వచ్చి మైకు వైరు పీకేస్తాను. డిస్పాచ్ సెక్షన్‌లో నా గురించి అడగండి, చెబుతారు.

సిస్టర్ ఫిలోమినా వచ్చింది. నా చెయ్యి పట్టుకుని, “మనసులో ఏదైనా తప్పు చేశానని ఉందా ఆంటీ?” అని హిందీలో అడిగింది. ఉందని చెప్పాను. మీకూ చెబుతాను, ఫారంలో రాసుకోండి. రెండు పడవల్లోనూ చోటుంది. “నీ పక్కన కూర్చుంటే నది మధ్యలో కూడా సాధిస్తావు” అని ఆవిడ అంది. “అయితే ఆ పడవెక్కు, నాకూ పీడా పోతుంది” అని నేనన్నాను. ఆ మాటే అన్నాను. ఆవిడ డెబ్భై ఏళ్ళ మనిషి, మోకాళ్ళు వంగవు, నా రెయిన్‌కోటు తొడుక్కుని తల తిప్పకుండా ఆ పడవెక్కింది.

సిస్టర్ ఓదార్చలేదు. క్షమించబడతావనీ అనలేదు. పుస్తకం తీసి, “రెయిన్‌కోటు ఏ రంగు?” అని అడిగింది. నీలం అని చెప్పాను. ఆ సాయంత్రమే తను పనిచేసే ఆస్పత్రికి, తెలిసిన ఇంకో నాలుగింటికి ఫోన్లు చేసింది. నిన్న చతుర్వేదీ గారు కూడా తనంతట తానే వచ్చి, నది ఒడ్డున ఉన్న పోలీసు చౌకీలు రెండు తిరిగొచ్చానని చెప్పారు. ఇప్పుడు మీవాళ్ళు ముగ్గురూ నావాళ్ళు. పొద్దున్నే వస్తారు, నేను జాబితా ఇస్తాను, వెళతారు.

ఇట్లు,
సుభద్ర

తా.క. పండిత్‌జీకి కూడా టీ మొదలుపెట్టాను.

*

సరోజినీ నగర్,
17 సెప్టెంబర్

శ్రీమతి సుభద్ర గారికి,

మా ముగ్గురు సేవకులు ఓదార్పు మానేసి బృందం బ్యాడ్జీలతో చౌకీలు, మార్చురీలు తిరుగుతున్నారని నాకు తెలిసింది. మా నియమావళి ప్రకారం మేము మనసుకు ధైర్యం చెబుతాం, మనుషులను వెతకం. రేపటి నుంచి ముగ్గురినీ వేరే శిబిరాలకు మారుస్తున్నాను. ఆదివారం సభ జరుగుతుంది.

ఒక సొంత మాట. కోవిడ్‌లో నా భార్య పోయింది. నాకు కూడా ఎవరి మాటా వినబుద్ధి కాలేదు. చివరికి ఒప్పుకున్నాను, ఆ తర్వాతే మళ్ళీ నిద్రపట్టింది. మీకు చెడు చెయ్యాలని కాదు. ఒప్పుకుంటే తేలికవుతుందని తెలిసినవాణ్ణి కనుక చెబుతున్నాను.

రాజగోపాల్

తా.క. ఉత్తరం చూసి మా అమ్మాయి కిరణ్మయి, “నాన్నా, ఆవిడ ఒక్కటే అడుగుతోంది, నువ్వు దానికి తప్ప అన్నిటికీ జవాబు రాస్తున్నావు” అంది. పిల్లలకు ఈ శిక్షణ ఉండదు.

*

ఏడో నంబరు గది,
18 సెప్టెంబర్

రాజగోపాల్ గారికి,

మీ ఆవిడ సంగతి చదివి బాధపడ్డాను. కానీ ఆవిడను మీరు చూశారు. చూశారు కాబట్టి ఒప్పుకున్నారు.

నాకు చూపించండి. ఒప్పుకుంటాను. అప్పటిదాకా మీ ముగ్గురినీ మార్చినా సరే, నేనొక్కదాన్నే తిరుగుతాను.

సుభద్ర

తా.క. లేదు.

*

గ్రేటర్ నోయిడా వరద శిబిరం నుంచి,
20 సెప్టెంబర్, మధ్యాహ్నం

సుభద్ర గారికి,

ఈ ఉత్తరం సిస్టర్ ఫిలోమినా పరుగున తెస్తుంది. ముందు కూర్చోండి. తర్వాత చదవండి.

మీ పొట్టి ఉత్తరానికి జవాబు రాయలేక రెండు రోజులు ఊరికే కూర్చున్నాను. ఈలోగా నది అవతలి ఒడ్డు నుంచి, అంటే ఈ గ్రేటర్ నోయిడా శిబిరం నుంచి, నాకు నాలుగో ఫిర్యాదు వచ్చింది. ఇక్కడో పెద్దావిడ ఉందనీ, మన సేవకులను వరసగా తరిమేస్తోందనీ, సంతాపం మాటెత్తితే పళ్ళెం విసురుతోందనీ. ఫైలు తీశాను. పేరు ‘ఈశ్వరీ దేవి’. పోయిన బంధువు: ఆడపడుచు. పరిస్థితి: అంగీకరించడం లేదు. కింద మూడు చోట్ల నా సంతకం. మూడుసార్లూ చదవకుండా పెట్టాను.

సరే, ఈవిడనైనా నేనే ఓదారుద్దామని ఈ రోజు పొద్దున వచ్చాను. గుమ్మంలో నన్ను చూడగానే, గోడకు చెప్పినట్టుగా, “ఇంకోడు తయారయ్యాడు” అంది. తెలుగులో.

మంచం మీద నీలం రెయిన్‌కోటు మడతపెట్టి ఉంది.

ఆ పడవ ప్రవాహంతో వచ్చి ఈ ఒడ్డున ఆగిందట. ఇది వేరే రాష్ట్రం, వేరే జిల్లా, వేరే జాబితా. గుమాస్తాకు పేరు తిరగక సగమే రాసుకున్నాడు. ఆవిడ మీ కాలనీ పేరు చెబితే, అక్కడ మిగిలిన ఇల్లు లేదన్నారు. ఆ తర్వాత పదిహేను రోజులుగా మీరు పోయారని ఒప్పుకోమని చెబుతున్నవాళ్ళు మా మనుషులే. పంపింది నేనే.

“మీ సుభద్ర గారు ఉన్నారమ్మా” అన్నాను. ఆవిడ రెయిన్‌కోటు తీసి ఒళ్ళో పెట్టుకుంది. నాకు శిక్షణలో నేర్పినవన్నీ గుర్తొచ్చాయి. ఒక్కటీ అనలేదు. పక్కన కూర్చున్నాను, అంతే. కాసేపటికి, “తింటుందా?” అని అడిగింది. తింటున్నారని చెప్పాను.

సభ రద్దు చేశాను. నియమావళిలో ‘వెతకం’ అన్న ముక్క కొట్టేశాను. మన ముగ్గురి బదిలీలు కూడా రద్దు.

ఇక కబురు. మిమ్మల్ని ఇక్కడికి తీసుకొస్తానంటే, తనే వస్తానంటుంది. సరే రండంటే, మీరెందుకు రాకూడదంటుంది. గంట వాదించాక రేపు ఆదివారం పొద్దున పదింటికి రెండు ఒడ్లకూ మధ్యన, కాళిందీ కుంజ్ వంతెన దగ్గర అని తేల్చాం. హాఫిజ్ సాబ్, చతుర్వేదీ గారు మీ వెంట వస్తారు. ఆవిడను నేను తీసుకొస్తాను.

మీ విధేయుడు,
రాజగోపాల్

తా.క. మీకో ముక్క రాయమని ఆవిడ చెబుతోంది. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను: “సుభద్రా, నువ్వు బతికే ఉన్నావని ఈయన అంటున్నాడు. మొన్నటిదాకా పోయావని చెప్పినవాళ్ళు కూడా ఈయన మనుషులే. కాబట్టి వీళ్ళ మాట నేను నమ్మను. పదింటికి వచ్చి కనపడు.”