సన్యాసం కాదమ్మా, స్వాధ్యాయం

నరసరావుపేట
6-9-46

అమ్మకు అంకయ్య దండాలు, ఇక్కడ నేను కులాసా.

నేను యోగాసనాలు వేస్తున్నానని విని, సన్యాసుల్లో కలుస్తానేమోనన్న భయంతో నాకు సంబంధం చూడమని నాన్నను తొందరపెడుతున్నావని చెల్లెలు రాసింది. ఇది సన్యాసం కాదమ్మా, స్వాధ్యాయం. కళ్లు మూసుకుని మన మనసును మనమే చదువుకోవడమని ఆసనాలు నేర్పే మేష్టారు చెప్పారు. ఎంత చక్కని మాట! నిన్న అలా కూర్చుంటే నా గదిలో ఉండే సత్తార్, "ఒరేయ్, లోపల ఏం కనపడతందిరా?" అన్నాడు.

"మా అమ్మ మజ్జిగ చిలకతంది."

"నువ్వేం సన్యాసివిరా! నాగ్గూడా ఓ గ్లాసు పొయ్యమను!"

గేదె ఈనిందా? బాబూరావు మామ వస్తే నువ్వుల పొడి పంపు, సత్తార్‌కు కూడా. చదువు అయ్యేదాకా పెళ్లి మాట వద్దని నాన్నకు నువ్వే నచ్చజెప్పు. కళ్లు మూసినా నువ్వే కనిపిస్తుంటే నేనెక్కడికి పోతానమ్మా?

నీ దీవెన కోరే
అంకయ్య